ఉప్పుగాలిలో ప్రొపెల్లర్ సంరక్షణ

విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి ప్రదర్శనశాలగా ఉన్న టీయూ-142 విమానాన్ని చూసినవారికి, ఒక్కో ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, వాటికి ఎనిమిది బ్లేడ్లు గుర్తుండే ఉంటాయి. ఆ బ్లేడ్లు తమ మొదలు దగ్గర మెలి తిరిగి కోణం మార్చుకోగలవన్న సంగతి మాత్రం చాలామంది గమనించరు. కోణం మార్చే ఈ ఏర్పాటు చిన్న రూపంలో నలుగురు కూర్చునే కొన్ని తేలికపాటి విమానాల్లో కూడా ఉంటుంది. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కే బస్సుకు గేరు మార్చినట్టే, నేల విడిచేటప్పుడు ఇంజను పూర్తి వేగం అందుకునేందుకు తక్కువ కోణం, పైన నిలకడగా సాగేటప్పుడు ఎక్కువ కోణం అవసరమవుతాయి.

ఈ మార్పును గవర్నర్ అనే చిన్న పరికరం నడిపిస్తుంది. ఇంజను వేగం హెచ్చినప్పుడు అందులో తిరిగే బరువులు స్ప్రింగును ఎదిరించి విచ్చుకుని వాల్వును కదిలిస్తాయి. ఒక ఇంజను ఉండే చాలా విమానాల్లో అప్పుడు పీడనం పెరిగిన ఆయిల్, బ్లేడ్లన్నీ అమరి ఉండే మధ్యభాగమైన హబ్‌లోని పిస్టన్‌ను నెట్టి బ్లేడ్ల కోణం పెంచుతుంది, దాంతో ఇంజనుపై భారం పెరిగి వేగం మళ్ళీ అదుపులోకి వస్తుంది.

నిలిపి ఉంచిన విమానంలో పూర్తి శక్తి ఇచ్చినా ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు నిర్ణీత సంఖ్యకు చేరకపోతే, వెంటనే గవర్నర్‌లో వేగపు హద్దును సర్దే స్క్రూ మీద చెయ్యి వేయకూడదు. ముందుగా కాక్‌పిట్‌లో ఇంజను చుట్లు చూపే టాకోమీటర్ నిజం చెబుతోందో లేదో కాంతితో కొలిచే మరో పరికరంతో సరిచూడాలి. ఆ తరువాత, గవర్నర్ నిలపాల్సిన వేగాన్ని పైలట్ ఎంచుకునే ప్రొపెల్లర్ లీవరును కొద్దిగా వెనక్కి లాగాలి: వేగం వెంటనే తగ్గితే హద్దు పెడుతున్నది గవర్నర్, కొంత దూరం లాగినా తగ్గకపోతే, బ్లేడ్లు హబ్‌లోని కనిష్ఠ కోణపు అడ్డు దగ్గరే ఆగి ఉన్నాయని, లేదా ఇంజనే పూర్తి శక్తి ఇవ్వడం లేదని అర్థం. నేల మీద సంఖ్య కాస్త తక్కువగా ఉండి, రన్‌వే మీద పరుగు తీసేటప్పుడు నిండడం చాలా విమానాల్లో సహజమే. ఈ తేడా తెలుసుకోకుండా చేసే సర్దుబాటు, సరిగ్గా ఉన్నదాన్ని చెడగొడుతుందని నా గట్టి నమ్మకం.

అయితే విశాఖలో అసలు శత్రువు ఉప్పుగాలి. అల్యూమినియం బ్లేడు మీద పెయింటు లేచిన చోట తేమ, ఉప్పు చేరి తెల్లటి పొడి, దాని కింద సన్నటి గుంటలు ఏర్పడతాయి. రన్‌వే మీది రాయి తగిలి ముందు అంచున పడే గాటు కూడా ఇంతే ప్రమాదకరం. అయిదు కిలోల బ్లేడు బరువంతా కేంద్రం నుంచి 40 సెంటీమీటర్ల దూరాన ఉందనుకుని, నిమిషానికి 2,700 చుట్లు లెక్కించి చూస్తే, దాన్ని బయటికి లాగే బలం సుమారు 16 టన్నులు! అంత లాగుడులో ఒత్తిడి అంతా గాటు అడుగున పోగై, అక్కడి నుంచి పగులు మొదలవుతుంది. అందుకే అనుమతి ఉన్న ఇంజనీరు సన్నటి ఆకురాయితో, తరువాత గరుకు కాగితంతో, గాటును నునుపైన పల్లంగా తీర్చి, పగులు లేదని నిర్ధారించుకుని, బ్లేడు వెడల్పు, మందం తయారీదారు ఇచ్చిన కనిష్ఠ కొలతలకు తగ్గలేదని చూసి, మళ్ళీ పెయింటు వేయిస్తారు.

హబ్‌లో గ్రీజు ఎక్కించేటప్పుడు ఒక్కో బ్లేడుకు ఉన్న రెండు గ్రీజు ఫిట్టింగుల్లో ఒకదాన్ని విప్పి ఉంచాలి; లేకపోతే లోపలి ఒత్తిడికి సీలు చిరిగిపోతుంది. మామూలుగా 100 గంటలకో ఏడాదికో చేసే ఈ పనిని, గాలిలో ఉప్పు, తేమ ఎక్కువగా ఉండే చోట ఆరు నెలలకే చేయమని తయారీదారులు సూచిస్తారు. షెడ్డులో ఊరికే నిలిచిన విమానానికి ఇది మరింత ముఖ్యం, ఎందుకంటే కదలిక లేని హబ్‌లో గ్రీజు పక్కకు జారి, బేరింగుల మీద తేమ నిలుస్తుంది. ప్రొపెల్లర్‌ను పూర్తిగా విప్పి బాగుచేసే ఓవర్‌హాల్‌కు కూడా గంటలతో పాటు సంవత్సరాల గడువు పెట్టింది ఇందుకే: చాలా నమూనాలకు అది సుమారు 2,000 నుంచి 2,400 గంటలు లేదా అయిదారేళ్ళు, వీటిలో ఏది ముందు నిండితే అది.