ఘుగ్గుస్ కుంగుబాటు: అసలు కథ 2009 ఆగస్టులో ఉంది

వానలు పట్టగానే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బొగ్గు ఊరు ఘుగ్గుస్‌లో అమ్రాయి వార్డు మాట మళ్లీ లేస్తుంది. మూతపడిన పాత గని మీద ఉన్న ఆ వార్డులో 2022లో ఓ ఇల్లు భూమిలోకి దిగిపోయింది. గోడకు పగులు వచ్చిందని ఒకరు, బోరులో నీళ్లు ఉన్నట్టుండి దిగిపోయాయని ఇంకొకరు. ఎవరో వచ్చి కొలతలు తీసుకుని పోయారట, దేనికో చెప్పలేదట. ఏటా ఉండే గోలే ఇది. ఈసారి కాస్త గట్టిగా వినిపించడానికి కారణం, ఊరికి ఎట్టకేలకు ఎన్నికైన నగర్ పరిషత్, అంటే మున్సిపాలిటీ, రావడం. నిలదీయడానికి ఓ మనిషంటూ దొరికాడు. పునరావాసం ఖర్చు ఎవరిది, జాగా ఎవరిస్తారు, పట్టా ఎవరి పేరున రాస్తారు అనే మూడు ప్రశ్నలూ కలిసి ముందుకొచ్చాయి.

2022 ఆగస్టు 26 సాయంత్రం అమ్రాయిలో ఏం జరిగిందో చంద్రపూర్, బల్లార్షా, రాజురా వాళ్లకే కాదు, ఇటు ఆసిఫాబాద్, బెల్లంపల్లి వాళ్లకూ తెలుసు. కాళ్ల కింద నేల కదులుతోందని ఇంట్లోవాళ్లు బయటికి ఉరికారు. ఆ వెంటనే ఇల్లు ఇల్లంతా భూమిలోకి దిగిపోయింది. లోతు డెబ్బై అడుగులన్నారు, ఎనభై అన్నారు, వంద అన్నవాళ్లూ ఉన్నారు. ప్రాణాలు మాత్రం దక్కాయి. చుట్టుపక్కల వందకు పైగా కుటుంబాలను ఖాళీ చేయమన్నారు. ఆ వీడియోలు చూడనివాళ్లు లేరు కాబట్టి మళ్లీ చెప్పుకోవడం దండగ. బ్రిటిష్ వాళ్లు 1871లో వరోరాలో గని తెరిచిన దగ్గర్నుంచి మొదలుపెట్టే ఆనవాయితీని కూడా పక్కన పెడదాం. ఈ తగాదాకు ముడి పడింది 2009 ఆగస్టులో. ఆ నెలలో పదిహేను రోజుల తేడాతో ఢిల్లీలో రెండు నిర్ణయాలు జరిగాయి. రెండింట్లోనూ ఘుగ్గుస్‌కు చోటు దొరకలేదు.

అవేమిటో చెప్పేముందు నేల కింది సంగతి కొంత తెలియాలి. ఘుగ్గుస్‌లో బావి, అంటే భూగర్భ గని, దిగిన తెలుగు రిటైర్డ్ కార్మికుడు ఎవరైనా చాక్‌పీసు తీసుకుని గచ్చు మీద గీసి చూపిస్తాడు. ముందు ఏటవాలుగా ఓ గీత, అది ఇంక్లైన్, గనిలోకి దిగే దారి. దాని చివర అడ్డంగా, నిలువుగా గీతలు, అవి గ్యాలరీలు, బొగ్గు తవ్విన సొరంగాలు. గీతల మధ్య మిగిలిన గడులే పిల్లర్లు, కప్పును మోసే బొగ్గు దిమ్మలు. చూడ్డానికి అచ్చం అష్టాచెమ్మా పటంలా ఉంటుంది. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు మించకూడదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెప్పేవి. అంతవరకే తవ్వి వదిలేస్తే కప్పు నిలుస్తుంది. చిక్కల్లా రెండో విడతలో వస్తుంది. ఆ విడతలో గడులను కూడా కోసుకుంటూ వెనక్కి వస్తారు. అదే డీపిల్లరింగ్. అలా ఖాళీ అయిన చోటును గోఫ్ అంటారు. పైన అడవో బీడో ఉంటే గోఫ్‌ను కూలిపోనిస్తారు. ఇళ్లుంటే నీళ్లతో కలిపిన ఇసుకను గొట్టాల్లో పంపి నింపాలి. గోదావరిఖనిలో ఏటి ఇసుక అలాగే లోపలికి పోయింది. ముసలాయన ఇక్కడిదాకా చెప్పి, గీసిన గడుల్లో రెండు మూడింటిని అరచేత్తో చెరిపేస్తాడు. అమ్రాయి కింద మిగిలింది అదేనంటాడు.

వార్ధా లోయ బొగ్గుకు ఇంకో గుణం ఉంది. ఇక్కడి ప్రధాన పొర చాలా మందం, 15 మీటర్లు దాటుతుంది. దాన్ని ఒకే దెబ్బకు తీయలేక సెక్షన్లుగా తవ్వేవారు. దాని పైన ఉండేది కామ్ఠీ ఇసుకరాయి. మెత్తటిది, నీళ్లు పట్టేది. లోతు తక్కువ, కప్పు మెత్తన, అడుగున బోలు. 2022 జులై, ఆగస్టుల్లో వార్ధా, ఇరయీ నదులు పొంగి జిల్లాను ముంచెత్తాయి. ఆ వాన నీళ్లు ఎటు పోయాయో వేరే చెప్పాలా! ఇల్లు అంత లోతుకు దిగిందంటే కింద అంత ఖాళీ ఉన్నట్టే కదా, సరిగ్గా నింపి ఉంటే ఎలా దిగుతుంది అన్నది వార్డువాళ్ల వాదన. దీన్ని కొట్టిపారేయడం ఇంజినీర్లకూ కష్టమే.

ఇక పైన ఉన్న మనుషుల సంగతి. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు దారి 1929 నాటికి పూర్తయింది. ఆ పట్టాల వెంబడే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల జనం బొగ్గు పనికి ఇటు వచ్చారు. తాడాలి దగ్గర మెయిన్ లైను నుంచి విడిపోయిన కొమ్మ చివర ఘుగ్గుస్ ఉంటుంది. పనికి వచ్చినవాడు బావికి దగ్గర్లోనే గుడిసె వేసుకున్నాడు. మూడు పూటలా షిఫ్టుకు అందాలంటే అదే వీలు. గుడిసె పెంకుటిల్లయింది, తర్వాత స్లాబు పడింది. గ్రామ పంచాయతీ ఇంటి పన్ను కట్టించుకుని రశీదు ఇచ్చింది. కరెంటు సంస్థ మహావితరణ్ మీటరు బిగించింది. ఓటరు కార్డు, రేషన్ కార్డు అదే చిరునామాకు వచ్చాయి. ఒక్క సాత్‌బారా, అంటే భూమి హక్కు చూపే రెవెన్యూ కాగితం, మాత్రం రాలేదు. ఇవాళ పరిహారం మాట ఎత్తగానే అధికారులు అడిగే మొదటి కాగితం అదే.

గనుల జాతీయీకరణకు కథల్లో పెద్ద పీట వేస్తారు. నిజమే, 1973 మే 1 తర్వాత కార్మికుడి బతుకు మారింది. జీతం పెరిగింది, క్వార్టరు వచ్చింది. అయితే ఆ చట్టంలో తక్కువమంది పట్టించుకున్న షరతు ఒకటి ఉంది. ఆ తేదీకి ముందు పాత యజమానులకు ఉన్న బాధ్యతలు వాళ్లవే తప్ప ప్రభుత్వానివి కావు. అంటే బొగ్గు సర్కారుకు వచ్చింది, అంతకుముందు తవ్వి వదిలేసిన గోతుల పూచీ రాలేదు. 1975లో కోల్ ఇండియా ఏర్పడింది. దాని కింద వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వచ్చింది, దీన్నే ఇక్కడందరూ వేకోలి అంటారు. మెల్లగా ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచే తవ్వే గనులు, పెరిగాయి, అండర్‌గ్రౌండ్ పని ఆగింది, ఇంక్లైన్ మూతపడింది. మూసేసిన బావికి కాపలా ఎవరు అని అప్పట్లో ఎవరూ అడగలేదు.

ఈ ప్రశ్న వేసింది రాణిగంజ్ వాళ్లు. బెంగాల్‌లోని ఆ బొగ్గు ప్రాంతంలో ఇళ్లు కుంగుతున్నాయని హరాధన్ రాయ్ 1997లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన ఆసన్‌సోల్ నుంచి ఎంపీగా చేసిన కార్మిక నాయకుడు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసు ఒత్తిడితోనే 2009 ఆగస్టు 12న కేంద్రం ఒక మాస్టర్ ప్లాన్ ఆమోదించింది. జార్ఖండ్‌లోని ఝరియాకు 7,112 కోట్ల రూపాయలు, రాణిగంజ్‌కు 2,661 కోట్లు. కింద బోలు ఉన్న ఊళ్లను గుర్తించాలి, జనాన్ని తరలించాలి, ఇళ్లు కట్టివ్వాలి. అమలు గొప్పగా జరిగిందని కాదు. ఝరియా నుంచి బెల్‌గడియా కాలనీకి వెళ్లినవాళ్లు ఇరుకు గదులు, పని లేని బతుకు అని ఇప్పటికీ గోలపెడతారు. కానీ అక్కడ ఓ ముఖ్యమైన సూత్రం ఖరారైంది. సాత్‌బారా లాంటి కాగితం లేనివాడికి కూడా పునరావాసంలో వాటా ఉంటుంది. ఖర్చులో కోల్ ఇండియా భరించాల్సింది భరించాలి. వేకోలి కూడా ఆ కోల్ ఇండియా బిడ్డే. అయినా ప్లాన్ ఆ రెండు బొగ్గు ప్రాంతాలకే పరిమితమైంది. వార్ధా లోయ నుంచి కోర్టు మెట్లెక్కినవాళ్లు లేరు. ఇక్కడి కార్మికుల్లో తెలుగువాళ్లు, ఛత్తీస్‌గఢీలు, బిహారీలు, మరాఠీవాళ్లు ఉన్నారు. ఎవరి యూనియన్ వాళ్లది. ఇంటి కింద బోలు యూనియన్ డిమాండ్ల పత్రంలోకి ఎక్కే విషయం కాదు.

సరిగ్గా పదిహేను రోజులకు, ఆగస్టు 27న, బొగ్గు మంత్రిత్వ శాఖ గనుల మూసివేతకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలి, దానికి డబ్బు ముందే ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికి తప్ప తీయడానికి వీల్లేని ఖాతాలో, వేయాలి. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, అండర్‌గ్రౌండ్‌కు లక్ష. మంచి నిర్ణయమే. కాకపోతే అది నడుస్తున్న గనులకు, కొత్తగా రాబోయే గనులకు. అప్పటికే మూతపడి దశాబ్దాలైన బావికి ఖాతా ఎవరు తెరుస్తారు? ఘుగ్గుస్ పాత ఇంక్లైన్ అందులోకి రాలేదు. ఇవాళ వేకోలి, జిల్లా యంత్రాంగం, పరిషత్ ఒకరి మీదికి ఒకరు తోసుకోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఏ పద్దులోంచి తీయాలో రాసి లేని ఖర్చును ఏ ఆఫీసరూ నెత్తిన వేసుకోడు.

అదే ఏడాది డిసెంబరులో ఇంకోటి జరిగింది, దాంతో నేల సంగతి పూర్తిగా మరుగున పడింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్యం మార్కులు వేసింది. చంద్రపూర్‌కు 83.88. కాలుష్యంలో దేశంలో నాలుగో స్థానం. ఆ లెక్కలో తాడాలి, బల్లార్‌పూర్‌లతో పాటు ఘుగ్గుస్ పేరు కూడా ఉంది. 2010 జనవరి 13న కొత్త పరిశ్రమల అనుమతుల మీద నిషేధం పడింది. ఇక పదేళ్లు ఊరి వార్తలన్నీ పొగ, బూడిద, లారీల దుమ్ము చుట్టూనే తిరిగాయి. ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి కనబడుతుంది, ఫొటో తీయొచ్చు. నేల కింద గడులు చెదిరితే ఫొటో తీసేదెలా?

పాలన సంగతి చూస్తే ఇంకా చోద్యం. 2011 జనాభా లెక్కల నాటికే 30 వేలు దాటిన ఊరు అది. సిమెంటు, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, చుట్టూ ఓపెన్‌కాస్టులు ఉన్నా చాలాకాలం గ్రామ పంచాయతీగానే నడిచింది. నగర్ పరిషత్ కోసం జనం ఎన్నికలు బహిష్కరించేదాకా వెళ్లారు. 2020 ఆఖర్లో ప్రకటన వచ్చింది. ఆపైన మహారాష్ట్రలో స్థానిక ఎన్నికలు చాలావరకు ఓబీసీ రిజర్వేషన్ కేసులో ఆగిపోయాయి. ఓటు వేసే రోజు 2025 డిసెంబరులో గానీ రాలేదు. 2022లో ఇల్లు భూమిలోకి దిగిన రోజున అమ్రాయి వార్డుకు సర్పంచూ లేడు, నగర్ సేవకుడూ (కౌన్సిలర్) లేడు. ఊరిని నడిపింది ఒక అడ్మినిస్ట్రేటర్. అడిగితే పైకి రాశామన్న సమాధానమే. ఖాళీ చేసినవాళ్లు అద్దె ఇళ్లకు, చుట్టాల ఇళ్లకు వెళ్లారు. కొందరు పగుళ్లను సిమెంటుతో పూడ్చుకుని మళ్లీ వచ్చేశారు. అద్దె కట్టలేకే వచ్చాం తప్ప ధైర్యం ఉండి కాదని వాళ్లంటారు.

కంపెనీ వైపు మాటా చెప్పాలి. ఆ ఇళ్లు లీజు భూమిని ఆక్రమించి కట్టుకున్నవి, గని ఆనాటి నిబంధనల ప్రకారమే మూతపడింది, బాధితులకు చేసే సాయం మానవతా దృష్టితోనే తప్ప హక్కుగా కాదు. ఆక్రమణల విషయంలో బొగ్గు కంపెనీలు ఎక్కడైనా వినిపించే వాదనే ఇది, చట్టం ముందు నిలవొచ్చు కూడా. అయితే ఆక్రమణ అంటున్న ఆ అమ్రాయి నేల మీద అదే కంపెనీకి మూడు తరాలు బొగ్గు తీసినవాళ్లు ఉంటున్నారు.

విచిత్రం ఏమిటంటే, అమ్రాయి ఘటన జరిగిన రెండు నెలలకు, 2022 అక్టోబరులో, 2009కు ముందు మూతపడిన, వదిలేసిన గనుల కోసం బొగ్గు శాఖ వేరే మార్గదర్శకాలు తెచ్చింది. పదమూడేళ్ల కిందటి కంత అప్పుడు కనబడిందన్నమాట. అడగడానికి ఇప్పుడు ఆధారం ఉంది. జిల్లా ఖనిజ నిధి మరో దారి. 2015 చట్ట సవరణతో వచ్చిన ఆ నిధికి పాత లీజుల మీద కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జమవుతుంది. చంద్రపూర్ లాంటి బొగ్గు జిల్లాలో అది తక్కువేం కాదు. గని వల్ల దెబ్బతిన్న మనిషికే ఖర్చు పెట్టాలన్నది దాని ఉద్దేశం. అక్కడే పేచీ మొదలవుతుంది. ఖనిజ నిధి నుంచి ఇస్తే వేకోలి చేతులు దులుపుకుంటుందని వార్డువాళ్ల భయం. వేకోలి ఇచ్చేదాకా ఆగితే ఇంకో రెండు వానాకాలాలు గడిచిపోతాయని రాజకీయ నాయకుల మాట.

ఈ లోపు పరిషత్ పైసా ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. గని వదిలేసేటప్పుడు దాని ప్లాన్‌ను గనుల భద్రతా డైరెక్టరేట్‌కు అప్పగించాలని నిబంధన ఉంది. ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఆ శాఖ నుంచి నకలు తెప్పించి, వార్డుల మ్యాపు మీద పరిచి చూస్తే ఏ గల్లీ కింద పిల్లర్ ఉందో, ఏ బడి కింద గోఫ్ ఉందో బయటపడుతుంది. ముప్పు అమ్రాయి ఒక్కదానికేనా, పక్క వార్డులకూ ఉందా అనేది కూడా తేలుతుంది. కొత్త సభ్యులు రోడ్లు, నాలీల టెండర్లు పిలిచేలోపు ఆ నకలు కోసం ఓ ఉత్తరం రాస్తే, పట్టాలు ఏ నేల మీద ఇవ్వాలన్న గొడవ అయినా ఒక కొలిక్కి వస్తుంది.