మోటార్‌హోమ్‌కి స్లైడ్‌లు కావాలా, వద్దా: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మోటార్‌హోమ్, అంటే లోపలే మంచం, వంటగట్టు, బాత్‌రూమ్ ఉండే బండి కొనాలనుకునే మన తెలుగు కుటుంబాలు నన్ను ముందుగా అడిగే ప్రశ్న స్లైడ్‌ల గురించే. టెక్సస్‌లో మోటార్‌హోమ్‌లు రిపేరు చేయడం, వాడిన బండి కొనేవాళ్ళ కోసం ముందే తనిఖీ చేసిపెట్టడం నా వృత్తి. వాళ్ళు యూట్యూబ్ చూసో, డీలర్ మాట వినో, క్యాంప్‌లో పక్కవాళ్ళ బండి చూసో ఒక అభిప్రాయంతో వస్తారు. ఆ అభిప్రాయాల్లో సగం నిజం, సగం అపోహ. కొన్న తర్వాత మార్చుకునే వీలు లేని విషయం ఇది. అందుకే నేను చూసినవి, రోజూ చేత్తో పట్టుకునేవి ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. అమెరికా రోడ్ల మీద మోటార్‌హోమ్ వెడల్పు మామూలుగా 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. గోడల మందం పోతే లోపల మిగిలేది సుమారు ఎనిమిది అడుగులు. అందులోనే సోఫా, వంటగట్టు, నడిచే దారి అన్నీ ఇమడాలి. అందుకే బండి ఆపాక గోడలో ఒక భాగం సొరుగులా బయటికి జరిగే ఏర్పాటు వచ్చింది. అదే స్లైడ్. 1990లో న్యూమార్ కంపెనీ దీన్ని తెచ్చాక మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. స్లైడ్ రెండు మూడు అడుగులు బయటికి వెళ్ళిందంటే లోపల ఇల్లే మారిపోతుంది. ఆ సుఖం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను.

అపోహ: స్లైడ్‌లు ఎన్ని ఎక్కువుంటే బండి అంత మంచిది.

డీలర్ దగ్గర బండిని ఎప్పుడూ స్లైడ్‌లన్నీ తెరిచే చూపిస్తారు. లోపలికి అడుగు పెట్టగానే హాలంత కనిపిస్తుంది, మనసు అక్కడే పడిపోతుంది. కానీ ప్రయాణంలో బండి ఆ రూపంలో ఉండదు. డాలస్ నుంచి ఎల్లోస్టోన్‌కి వెళ్తుంటే దారి పొడుగునా స్లైడ్‌లు మూసే ఉంటాయి. పెట్రోల్ బంకు దగ్గర, రెస్ట్ ఏరియాలో, వాన తగ్గేదాకా రోడ్డు పక్కన ఆగినప్పుడు మీరు ఉండేది ఆ మూసిన బండిలోనే.

కాబట్టి డీలర్‌ని అడిగి స్లైడ్‌లన్నీ మూయించండి. తర్వాత డ్రైవర్ సీటు నుంచి వెనక మంచం దాకా నడవండి. బాత్‌రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? ఫ్రిజ్ తెరిచి పాలు తీయగలరా? స్టవ్ దగ్గర నిలబడే చోటుందా? మంచం మీద కనీసం ఒకరైనా పడుకోగలరా? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మీతో ప్రయాణిస్తుంటే ఈ ప్రశ్నలు ఇంకా ముఖ్యం. డెబ్బై ఏళ్ళ మనిషి మూసిన సోఫాకీ వంటగట్టుకీ మధ్య పక్కకి తిరిగి జరుగుతూ బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఆ బండి మీకు పనికిరాదు. కొన్ని మోడళ్ళలో స్లైడ్ మూస్తే బాత్‌రూమ్‌కి దారే ఉండదు. అలాంటి ప్లాన్ ఎంత అందంగా ఉన్నా వద్దని చెప్తాను. నాకు ఈ ఒక్క పరీక్షే మిగతా అన్నిటికంటే పెద్దది. దీంట్లో నెగ్గిన బండికి ఒక స్లైడ్ ఉన్నా మూడున్నా నాకు అభ్యంతరం లేదు.

అపోహ: స్లైడ్ ఉన్న బండి కారక మానదు.

కారక మానదు అనడం తప్పు. కారదు అనడమూ తప్పే. గోడకి పెద్ద కంత పెట్టి, అందులో కదిలే పెట్టె, అంటే స్లైడ్ గది అమర్చి, చుట్టూ రబ్బరు సీళ్ళు బిగిస్తారు. గదిని అదిమి పట్టే బోలు సీలు ఒకటి, గది కదిలేటప్పుడు పైన నీళ్ళు తుడిచే నాలుకలాంటి సీలు ఒకటి ఉంటాయి. టెక్సస్ ఎండకి ఆ రబ్బరు ఎండి బిగుసుకుపోతుంది, మూలల్లో చీలుతుంది. అక్కడి నుంచి దిగిన నీళ్ళు స్లైడ్ నేలలోని చెక్కలోకి ఇంకుతాయి. పై నుంచి చూస్తే ఏమీ కనిపించదు. కింద చెక్క ఉబ్బి, మెత్తబడి, చివరికి గది బరువు మోసే రోలర్లే అందులో దిగబడిపోతాయి.

ఇక్కడ కష్టం ఏమిటంటే, ఇన్సూరెన్స్ పాలసీలు మామూలుగా ఇలా నెమ్మదిగా దిగిన నీటి నష్టాన్ని కవర్ చేయవు. తుఫానులో చెట్టు కూలడం వేరు, రెండేళ్ళుగా చుక్కచుక్కగా కారడం వేరు.

పని పెద్దదేమీ కాదు. మూసే ముందు నిచ్చెన ఎక్కి స్లైడ్ కప్పు మీది ఆకులు, పైన్ సూదులు, మంచు ఊడ్చేయాలి. తడిగా ఉంటే తుడవాలి. ఏడాదిలో కొన్నిసార్లు సీళ్ళు కడిగి, రబ్బరు సీళ్ళ కోసమే అమ్మే కండిషనర్ పూయాలి. వ్యాసలీన్, మామూలు గ్రీజు లాంటి పెట్రోలియం సరుకు పూయకండి. ఆ రబ్బరు వాటికి ఉబ్బి పాడవుతుంది. స్లైడ్ పైన గుడ్డ కప్పు, అంటే టాపర్ ఉంటే ఆకులు, నీళ్ళు చాలావరకు ఆగుతాయి. గాలి గట్టిగా వీస్తే మాత్రం అది టపటపా కొట్టుకుని చిరుగుతుంది కాబట్టి అలాంటప్పుడు స్లైడ్ లోపలికి లాగేయడమే మేలు.

వాడిన బండి చూసేటప్పుడు టార్చి పట్టుకుని స్లైడ్ కింద పడుకోండి. బయటి వైపు కింది మూలలు వేలితో నొక్కండి. మెత్తగా దిగితే, నల్ల పూత ఊడి చెక్క బయటపడితే బేరం అక్కడే ఆపేయవచ్చు. లోపల కార్పెట్ అంచు ఎత్తి తేమ మీటరు పెట్టి చూడాలి. మీటరు ఖరీదు తక్కువ, నేల మార్చే ఖర్చు వేల డాలర్లు.

అపోహ: స్లైడ్ బరువు ఇంజన్ చూసుకుంటుంది, మనకెందుకు?

లాగడం ఇంజన్ పని. మోయాల్సింది ఇరుసులు, టైర్లు, బ్రేకులు. ఒక్కో స్లైడ్ తన మోటారు, ఫ్రేము కలుపుకొని కొన్ని వందల పౌండ్లు ఉంటుంది. ఫ్రిజ్, స్టవ్ కూడా అందులోనే ఉంటే ఇంకా ఎక్కువ. చాసీ, అంటే బండి కింది చట్రం మోయగలిగిన మొత్తం మాత్రం మారదు. చాలా క్లాస్-సీ బళ్ళు (ముందు భాగం వ్యాన్‌లా ఉండేవి) కట్టే ఫోర్డ్ ఈ-450 చాసీ పరిమితి 14,500 పౌండ్లు. స్లైడ్ తిన్న ప్రతి పౌండూ మీ మనుషులు, మీ సామాను నుంచే పోతుంది.

లోపల ఒక స్టిక్కర్ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంతకి మించకూడదో, సీటు బెల్టులు ఎన్నో, ట్యాంకు నిండా నీళ్ళ బరువెంతో దాని మీద రాసి ఉంటుంది. డీలర్ బ్రోచర్ కాదు, ఆ స్టిక్కర్ ఫొటో తీసుకోండి. ఒక లెక్క వేద్దాం. స్టిక్కర్ మీద 1,600 పౌండ్లు ఉందనుకోండి. ఇద్దరు దంపతులు, ఇద్దరు పిల్లలు, అమ్మమ్మ, తాతయ్య: సగటున 150 చొప్పున ఆరుగురికి 900. గ్యాలన్‌కి 8.3 పౌండ్ల లెక్కన 40 గ్యాలన్ల నీళ్ళు 332. మిగిలింది 368. అందులోనే బట్టలు, కుక్కర్లు, బియ్యం, పచ్చళ్ళు, మంచినీళ్ళ కేసులు, మడత కుర్చీలు, పిల్లల సైకిళ్ళు. ఇవన్నీ ఎక్కించి ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ (CAT) కాటా మీద తూకం వేయించండి. బరువు మించితే టైర్లు వేడెక్కి హైవే మీద పేలే ప్రమాదం ఉంది. దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

యూరప్‌లో స్లైడ్‌లు అరుదు కావడానికి ఈ బరువే ఒక ముఖ్య కారణం. అక్కడ మామూలు కారు లైసెన్సుతో నడిపే బండికి చాలాకాలంగా 3.5 టన్నుల పరిమితి ఉంది.

అపోహ: స్లైడ్‌లన్నీ ఒకటే, బటన్ నొక్కితే చాలు.

బటన్ ఒకటే, వెనక యంత్రం వేరు. నేల కింద పళ్ళ కమ్మీలు, గేర్లు ఉండే రకం మొండిది, బరువైన గదుల్ని బాగా మోస్తుంది. పెద్ద డీజిల్ బళ్ళలో హైడ్రాలిక్ రకం కనిపిస్తుంది. దానికి బలం ఎక్కువే కానీ గొట్టాలు, ఆయిలు కనిపెట్టుకుని ఉండాలి. మూలలకి ఉక్కు తీగలు కట్టి లాగే రకంలో తీగల బిగువు అప్పుడప్పుడు సరిచేయాలి.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ష్వింటెక్ రకం. గది పక్క గోడల మీద పళ్ళున్న అల్యూమినియం పట్టీలు కనిపిస్తే అదే. రెండు వైపులా చెరొక మోటారు ఉంటుంది, రెండూ సమానంగా కదులుతున్నాయో లేదో కంట్రోలర్ లెక్క చూస్తుంటుంది. చాలామంది గది చివరికి రాగానే బటన్ వదిలేస్తారు, లేదా సగం తెరిచి మళ్ళీ మూస్తారు. అలా చేస్తుంటే రెండు మోటార్ల లెక్క తప్పి గది వంకరపోతుంది. మోటార్లు వాటంతట అవే ఆగేదాకా బటన్ నొక్కి ఉంచండి. దాని పట్టీలకి గ్రీజు వద్దు, దుమ్ము పట్టి పళ్ళు అరుగుతాయి. పొడి లూబ్రికెంట్ వాడండి.

ఏ రకమైనా బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు స్లైడ్ నడపకండి. "మోటారు పోయింది" అని ఫోన్ చేసినవాళ్ళని నేను ముందు బ్యాటరీ వోల్టేజి చూడమంటాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఇంకో సంగతి, క్లాస్-ఏ బళ్ళలో (బస్సులా ఉండే పెద్దవి) డ్రైవర్ సీటు వెనక్కి వాలి ఉంటే స్లైడ్ వచ్చి దానికి తగలొచ్చు. సీటు ముందుకు జరిపాకే బటన్ ముట్టుకోండి. పిల్లలు ఎక్కడున్నారో కూడా చూసుకోండి.

అపోహ: తెరిచిన స్లైడ్ కింద జాకీలు పెడితే గట్టిగా ఉంటుంది.

తయారీదారు పెట్టమంటే తప్ప పెట్టకండి. మనుషులు ఎక్కి దిగుతుంటే బండి స్ప్రింగుల మీద కిందికీ పైకీ ఆడుతుంది. జాకీ మాత్రం కదలదు. అప్పుడు బండి బరువంతా గది మీద, దాని యంత్రం మీద పడుతుంది.

అపోహ: క్యాంప్‌గ్రౌండ్‌కి చేరితే స్లైడ్ తెరవడానికి ఇబ్బందేముంది?

మోటార్‌హోమ్‌ల లాంటి బళ్ళ (ఆర్‌వీల) కోసమే కట్టిన ఆర్‌వీ పార్కుల్లో సాధారణంగా ఉండదు. పాత నేషనల్ పార్కు, స్టేట్ పార్కు సైట్లలో ఉంటుంది. చిన్న బళ్ళ కాలంలో వేసిన సైట్లు అవి. చెట్టు మొద్దు, బండరాయి, కరెంటు స్తంభం సరిగ్గా స్లైడ్ వచ్చే చోటే ఉండొచ్చు. ఒకరు బయట నిలబడి చూస్తుంటేనే తెరవాలి. రాత్రికి ఆగనిచ్చే వాల్‌మార్ట్ పార్కింగ్ లాట్లలో స్లైడ్‌లు మూసే ఉంచడం ఆర్‌వీ వాళ్ళు పాటించే మర్యాద. ఆ రాత్రి ఉండాల్సింది మళ్ళీ మూసిన బండిలోనే.

అపోహ: స్లైడ్ గుండా చలి, వేడి లోపలికి రావు, గోడ గోడే కదా.

స్లైడ్ గోడలు, నేల సాధారణంగా పలచన. హీటర్ గొట్టాలు దాని నేలలోకి రావు. కొలరాడో చలిలో మంచం స్లైడ్‌లో ఉంటే గోడవైపు పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

అపోహ: స్లైడ్ లేని బండి పాతకాలపుది, ఎవరూ కొనరు.

కొత్త క్లాస్-ఏ బళ్ళలో స్లైడ్ లేనిది దొరకడం కష్టమే, ఆ వరకు నిజం. చిన్న వ్యాన్లలో, చిన్న క్లాస్-సీలలో అలా కాదు. విన్నెబాగో ట్రవాటో లాంటి వ్యాన్లు స్లైడ్ లేకుండానే బాగా అమ్ముడుపోయాయి. అద్దెకిచ్చే క్రూజ్ అమెరికా బళ్ళలోనూ మామూలుగా స్లైడ్‌లు కనిపించవు. ప్రతిరోజూ కొత్తవాళ్ళు నడిపే బండిలో కదిలే భాగాలు తక్కువ ఉండటం మంచిదేగా.

రోజుకో ఊరు మారుతూ తిరిగే కుటుంబానికి నేను స్లైడ్ లేనిది, లేదా సోఫా, డైనింగ్ బల్ల ఉన్న ఒకే ఒక్క స్లైడ్ చూడమంటాను. ఒకచోట వారం, నెల ఉండేవాళ్ళకి, రిటైరై బండిలోనే కాపురం పెట్టేవాళ్ళకి స్లైడ్ లేకుండా వద్దంటాను. వానలో మూడు రోజులు ఎనిమిది అడుగుల వెడల్పులో నలుగురు కూర్చుంటే ప్రయాణం మీదే విరక్తి పుడుతుంది.

అపోహ: స్లైడ్ ఇరుక్కుంటే ఇక టో ట్రక్కే దిక్కు.

తెరిచిన స్లైడ్‌తో బండి నడపకూడదు, అందుకే అందరికీ టెన్షన్. కానీ చాలా రకాల్లో చేత్తో లోపలికి నెట్టే దారి ఉంటుంది. గేరు రకంలో మోటారు బ్రేకు వదిలి క్రాంక్‌తో తిప్పాలి. ష్వింటెక్‌లో మోటార్లని విడదీసి ఇద్దరు ముగ్గురు రెండు వైపులా సమానంగా నెట్టాలి, తర్వాత బయలుదేరే ముందు మోటార్లు మళ్ళీ బిగించాలి. లేదంటే దారిలో గది దానంతట అదే జారుతుంది. ముందు ఫ్యూజు, బ్యాటరీ, పార్కింగ్ బ్రేకు చూసుకోండి. ఆ బ్రేకు వేస్తేనే స్లైడ్ కదిలేలా చేసిన బళ్ళు చాలా ఉన్నాయి. బండి తాళాలు తీసుకునే రోజున క్రాంక్ ఏ అరలో ఉందో, మోటారు దగ్గరికి చెయ్యి ఎటునుంచి వెళ్తుందో డీలర్ మెకానిక్ చేత చూపించుకుని, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.