అల్గారిథమ్‌ల వాళ్లంతా సీఎస్‌ఈ నుంచే రాలేదు

కౌన్సెలింగ్ రోజుల్లో విశాఖలో ఏ ఇంట విన్నా ఒకటే మాట: సీఎస్‌ఈ సీటు రావాలి. రాకపోతే ఈసీఈ, ట్రిపుల్‌ఈ. అవీ కాకపోతే బీఎస్సీ మ్యాథ్స్. ఈ వరసలో కింద మిగిలామనుకునే పిల్లలు కంప్యూటర్ పరిశోధన తమది కాదని తీర్మానించేసుకుంటారు. కంప్యూటర్ ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఒక సమస్యకు కనీసం ఎంత పని పడుతుంది అని రుజువులతో తేల్చే థియరీ విభాగం చరిత్ర చూస్తే, ఆ తీర్మానానికి ఆధారమే దొరకదు.

1936లో అలన్ ట్యూరింగ్ తన యంత్రాన్ని (కాగితం మీది కంప్యూటర్ నమూనాను) ఊహించింది గణిత తర్కంలోని ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతూ. అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్స్ విభాగం 1962లో పర్డ్యూలో వచ్చింది. అంతకుముందు చదువుకున్నవాళ్లు వేరే శాఖ నుంచి రాక తప్పదు. 1971లో ఎన్‌పీ సమస్యల (జవాబు చేతికిస్తే సరిచూడడం తేలికైన సమస్యల) సిద్ధాంతానికి దారి తీసిన స్టీఫెన్ కుక్ పీహెచ్‌డీ గణితంలోనే. ఒక సమస్యకు ఎంత పని పడుతుందో కొలిచే సంక్లిష్టతా సిద్ధాంతానికి 1965లో పునాది వేసిన ఇద్దరిలో ఒకరైన హార్ట్‌మానిస్ మొదట చదివింది భౌతికశాస్త్రం. టోనీ హోర్ అయితే ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం చదివారు. మాస్కోలో రష్యన్ అనువాదయంత్రం కోసం పదాలను అక్షరక్రమంలో పెట్టాల్సి వచ్చినప్పుడు వాటిని వరసలో పెట్టడానికి ఆయనకు తట్టిన పద్ధతే క్విక్‌సార్ట్.

ఎలక్ట్రికల్ వాళ్ల వాటా కూడా పెద్దదే. ఈ రంగంలో అగ్రస్థాయి సదస్సుల్లో ఒకటైన ఫాక్స్ (FOCS), 1960లో స్విచింగ్ సర్క్యూట్ల (స్విచ్‌లతో అల్లే విద్యుత్ వలయాల) సిద్ధాంతం పేరుతో మొదలైంది. ఇప్పటి పేరు 1975లో వచ్చింది.

మన ఊరికి నేరుగా సంబంధించిన పేరు కొసరాజు సాంబశివరావు. ఎస్. రావు కొసరాజు అంటే ప్రపంచమంతా గుర్తుపడుతుంది. కృష్ణా జిల్లా కోలవెన్నులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో మాస్టర్స్ చేసి, 1969లో పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ పొందారు. తర్వాత జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆచార్యులయ్యారు. జగదాంబ చుట్టుపక్కల వీధులన్నీ వన్‌వే చేశారనుకుందాం. ఏ కూడళ్ల నుంచి ఏ కూడళ్లకు వెళ్లి తిరిగి రాగలం? అలాంటి గుంపులను తేల్చడానికి ఆయన పద్ధతి: ఒకసారి అంతా తిరిగి, ఏ కూడలి పని (అక్కడి నుంచి వెళ్లగల దారులన్నీ చూసేయడం) ఎప్పుడు ముగిసిందో రాసుకోవాలి, వన్‌వే బాణాలన్నీ ఎదురు దిక్కుకు తిప్పేసి, చివర ముగిసినదానితో మొదలుపెట్టి మళ్లీ తిరగాలి. రెండు నడకలతో సరి. 1978 నాటి ఈ ఆలోచనను ఆయన అచ్చు వేయలేదు. ఇతరుల పాఠ్యపుస్తకం ద్వారా లోకానికి తెలిసింది. ఈ రోజు సీఎస్‌ఈ పిల్లలు పరీక్షల్లో రాసే ఆ అల్గారిథమ్ వెనక వాల్తేరు ఇంజనీరింగ్ చదువు ఉందని మన తరగతి గదుల్లో చెప్పి తీరాలి.

అదే వర్సిటీ గణిత విభాగంలో బూలియన్ బీజగణితం (నిజం, అబద్ధం విలువలతో చేసే లెక్కలాంటిది), లాటిస్‌ల (పెద్ద, చిన్న వరసలున్న గణిత నిర్మాణాల) మీద దశాబ్దాల కృషి సాగింది. ఎన్.వి. సుబ్రహ్మణ్యం బూలియన్ సదిశాంతరాళాల (వెక్టర్ స్పేస్‌ల) మీద 1960ల్లో జర్మన్ పత్రికలో రాశారు. యు.ఎం. స్వామి, జి.సి. రావు 1981లో 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' భావనను ప్రవేశపెట్టారు. అది శుద్ధ గణితమే. కానీ తర్కం, ప్రోగ్రామ్‌ల అర్థవివరణ (ప్రోగ్రామ్ ఏం చేస్తుందో గణితంగా చెప్పడం) చదవబోయేవారికి లాటిస్‌లు తెలిసి ఉండడం పెద్ద బలం.

దారులు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్సీకి, కంప్యూటర్ పునాది గట్టిగా ఉన్న గణితం బీఎస్సీ వాళ్లు కూడా దరఖాస్తు చేయవచ్చు. పరిశోధన సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన జెస్ట్‌లో ఈ రంగానికి ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది.