ల్యాప్‌టాప్ డాక్ కొనాలా వద్దా? నేను రోజూ వినే అపోహలు

మాదాపూర్‌లో ఓ ఆఫీసులో ఐటీ సపోర్ట్ పని నాది. కొత్తగా చేరినవాళ్ల డెస్క్ మీద మానిటర్లు, డాక్ బిగించి ఇచ్చేది నేనే. డాక్ అంటే మానిటర్, కీబోర్డు, మౌస్ వైర్లన్నీ తనకే గుచ్చుకుని, ఒక్క వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిసే పెట్టె. అందుకే చుట్టాల్లో ఎవరు డాక్ కొనాలనుకున్నా ముందు నాకే ఫోన్ వస్తుంది. "ఏది కొనమంటావ్?" అంటారు. "రోజుకు ఎన్నిసార్లు వైర్లు పీకి పెడుతున్నారు?" అని నేను తిరిగి అడుగుతాను. ల్యాప్‌టాప్ ఆ టేబుల్ మీద నుంచి కదలదంటే డాక్‌తో పనే లేదు. ఉన్న పోర్టులకే మానిటర్, కీబోర్డు, మౌస్ ఒకసారి తగిలించేస్తే అయిపోతుంది. వారంలో మూడు రోజులు ఆఫీసుకి మోసుకెళ్లి, వచ్చాక మళ్లీ ఐదారు వైర్లు గుచ్చుకునేవాళ్లకు మాత్రం పెట్టిన డబ్బు గిట్టుతుంది.

అపోహ: టైప్-సి పోర్ట్ ఉంటే చాలు, ఏ డాక్ అయినా పనిచేస్తుంది.

ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. టైప్-సి అనేది పోర్ట్ ఆకారం పేరు, అంతే. అందులోంచి ఏమేం వెళ్తాయో ఆ పేరు చెప్పదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్ట్ నుంచి డేటా తప్ప ఇంకేం రాదు. వీడియో ఉండదు, ఛార్జింగ్ ఎక్కదు. పోర్ట్ పక్కన మెరుపు గుర్తు ఉంటే చాలావరకు అది థండర్‌బోల్ట్ అనే వేగమైన రకం, డేటా, వీడియో, ఛార్జింగ్ అన్నీ నడుస్తాయి. డి అక్షరంలో పి ఇమిడినట్టున్న గుర్తు ఉంటే వీడియో వస్తుంది. గుర్తు ముద్రించకుండానే వీడియో ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి కాబట్టి, కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి "డిస్‌ప్లేపోర్ట్" (వీడియో), "పవర్ డెలివరీ" (ఛార్జింగ్) అనే మాటలు ఉన్నాయేమో వెతకండి. ఇంకా సులువైన దారి ఉంది. ఎవరి దగ్గరైనా టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ అడిగి తెచ్చి టీవీకి పెట్టండి. బొమ్మ పడితే వీడియో ఉన్నట్టే.

కేబుల్ సంగతీ ఇంతే. డాక్‌తో వచ్చిన వైరు పొట్టిగా ఉందని ఒకాయన దాన్ని తీసేసి, ఫోన్ ఛార్జర్ వైరు పెట్టి, "డాక్ పాడైంది" అని టికెట్ వేశాడు. ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతోంది, మానిటర్లు మాత్రం నల్లగా ఉన్నాయి. ఫోన్ వైర్లలో చాలావాటికి వీడియో మోసే తీగలే ఉండవు.

అపోహ: డాక్‌కి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే రెండు మానిటర్లు వేర్వేరుగా వస్తాయి.

మా బావ నన్ను అడక్కుండానే ఆఫర్‌లో డాక్ కొనేశాడు. ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ఆయనది. రాత్రి వీడియో కాల్ చేసి, "రెండూ వెలిగాయిరా, కానీ రెండిట్లోనూ ఒకటే బొమ్మ" అన్నాడు. డాక్ తప్పేం లేదు. ఒకే డిస్‌ప్లేపోర్ట్ ధారని రెండు మానిటర్లకు పంచే ఎంఎస్‌టీ పద్ధతి విండోస్‌లో నడుస్తుంది. మ్యాక్‌లో అలా పంచితే రెండిట్లో ఒకటే కనబడుతుంది. పైగా మామూలు ఎం1, ఎం2 ఎయిర్‌లు బయట ఒక్క మానిటర్‌నే నడపగలవు. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు నడుపుతుంది, ఎం4 మూత తెరిచి ఉన్నా నడుపుతుంది.

దీనికి పక్కదారి డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్. అది బొమ్మని కుదించి మామూలు యూఎస్‌బీ డేటాలా పంపిస్తుంది. ఎక్సెల్, మెయిల్, కోడింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు. కానీ ప్రాసెసర్ మీద భారం పడుతుంది, డ్రైవర్ వేసుకోవాలి, కాపీ రక్షణ వల్ల ఓటీటీ సినిమాలు నల్ల తెరగా మిగలొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఆ డ్రైవర్ వేయడానికి నాలాంటివాడి పర్మిషన్ కావాలి. కొనకముందే అడగండి, తర్వాత మా మీద కోప్పడకండి.

అపోహ: హబ్, డాక్ రెండూ ఒకటే, సైజే తేడా.

డాక్‌కి సొంత కరెంటు అడాప్టర్ ఉంటుంది, హబ్‌కి ఉండదు, అదే అసలు తేడా. హబ్ మీ ఛార్జర్ నుంచే తనకూ కొంత కరెంటు తీసుకుంటుంది. 65 వాట్ల ఛార్జర్ దానికి పెడితే ల్యాప్‌టాప్‌కి చేరేది 50 చిల్లర. మీటింగులో ఉండగా బ్యాటరీ మెల్లగా దిగిపోవడానికి ఇదొక కారణం. చాలా చౌక హబ్‌లు 4కె మానిటర్‌ని 30 హెర్ట్జ్‌లోనే, అంటే సెకనుకు 30 సార్లే బొమ్మ మారేలా నడుపుతాయి. విండోను పట్టుకుని అటూ ఇటూ జరిపి చూడండి, మౌస్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. పెట్టె మీద "4కె" అన్న అక్షరాల పక్కన 60 ఉందో 30 ఉందో చూడాలి. అలాగని 2,000 రూపాయల హబ్‌ని తీసిపారేయను. ఒక ఫుల్ హెచ్‌డీ మానిటర్, కీబోర్డు, మౌస్ ఉన్నవాళ్లకు 20,000 దాటే థండర్‌బోల్ట్ డాక్ శుద్ధ దండగ.

అపోహ: డాక్ పెడితే ల్యాప్‌టాప్ స్పీడ్ పెరుగుతుంది. పెరగదు. 180, 230 వాట్ల ఛార్జర్‌తో వచ్చే గేమింగ్ ల్యాప్‌టాప్‌లకైతే చాలా డాక్‌లు ఇచ్చే 100 వాట్లు చాలవు, ఇటుకంత ఉండే ఆ ఛార్జర్‌ని విడిగా గుచ్చాల్సిందే.

ఏ ప్రకటనలోనూ కనబడని రెండు విషయాలు. వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌ని (దానితో వచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌ని) డాక్ వెనక యూఎస్‌బీ 3 పోర్టుల పక్కనే పెడితే మౌస్ తడబడుతుంది, ఆ పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అడ్డుపడుతుంది. డాంగిల్‌ని చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో కాస్త దూరం జరిపితే సరి. రెండోది కరెంటు. కరెంటు పోగానే డాక్ ఆగిపోతుంది, దానితో పాటే అందులోని నెట్ కేబుల్ కూడా. రౌటర్ ఇన్వర్టర్ మీదే ఉన్నా, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా మీటింగ్ కట్టవుతుంది. డాక్ ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైన్‌లోనే పెట్టండి.

బావ ఆ డాక్‌ని వెనక్కిచ్చేసి, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి టైప్-సి ఉన్న పెద్ద మానిటర్ ఒకటి తీసుకున్నాడు. ఒక్క వైరులో బొమ్మ, 65 వాట్ల ఛార్జింగ్ రెండూ వస్తున్నాయి. కీబోర్డు, మౌస్ ఆ మానిటర్ వెనకే గుచ్చాడు. పాత మానిటర్లలో ఒకదాన్ని అక్క లాగేసుకుంది.