అట్టముక్క బస్తాకే కట్టాలి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో చిన్నది నిన్న ఫోన్ చేసి అడిగింది. "తాతయ్యా, అందరూ వాడుకునే ఒక పైథాన్ లైబ్రరీకి ఫంక్షన్ రాసి పంపాను. బాగుంది గానీ డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే వివరణ, ఏదీ అన్నారు. లైబ్రరీని పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో రాయనా, డాక్స్ ఫోల్డర్‌లో పెట్టనా?" ముందు ఫంక్షన్‌లోనే రాయి తల్లీ. ఎందుకో చెబుతాను.

నాకు పదేళ్ళప్పటి మాట. గుంటూరు పక్కన మా ఊళ్ళో కల్లం మీద మిరపకాయలు ఎండాక, నాన్నగారు మంచి కాయలు ఏరి విత్తనానికి ఒక బస్తా విడిగా కట్టేవారు. ఆ ఏడు లెక్కలు రాసే పని నాకు ఇచ్చారు. గుండ్రటి అక్షరాలతో నోటుబుక్కులో రాశాను: "వసారాలో కిటికీ కింద మూడో బస్తా, విత్తనం." ఆ రాత్రే అకాల వర్షం. ఇంటిల్లిపాదీ లేచి, దొరికిన బస్తా దొరికినట్టు లోపలి గదిలోకి చేరవేశాం. తెల్లారి చూస్తే కిటికీ కింద ఒక్క బస్తా లేదు. నోటుబుక్కు మాత్రం ఇంకా "మూడో బస్తా" అనే అంటోంది! వారం తిరిగేసరికి మా విత్తనం మిగతా బస్తాలతో పాటు మిర్చి యార్డుకు వెళ్ళిపోయింది. నాన్నగారు ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు బస్తా మూతి కుట్టేటప్పుడు పురికొసకు "విత్తనం" అని రాసిన ఒక అట్టముక్క కట్టించారు, నా చేతే. బస్తా ఎటు పోతే అదీ అటే.

పైథాన్‌లో ఆ అట్టముక్క పేరు డాక్‌స్ట్రింగ్. ఫంక్షన్ మొదలయ్యే డెఫ్ లైను కిందే, మూడేసి కోట్‌ల మధ్య ఉంటుంది. ఫంక్షన్‌ను వేరే ఫైలుకు జరిపినా వెంటే వెళుతుంది. 2001లో పైథాన్ వాళ్ళు పెప్ 257 అనే పత్రంలో దీనికో పద్ధతి రాసుకున్నారు: మొదటి లైనులో ఒకే వాక్యం, ఒక ఖాళీ లైను, ఆపైన వివరం. ఏం ఇవ్వాలి, ఏం తిరిగొస్తుంది, ఎప్పుడు ఎర్రర్ వస్తుంది, అన్నీ అక్కడే. స్ఫింక్స్ లాంటి పనిముట్టు ఉంటే ఆ మాటలనే తీసుకుని పేజీలు తయారు చేస్తుంది. అందుకని మళ్ళీ ఇంకోచోట రాయకు. రెండు చోట్ల ఉంటే ఏదో ఒకటి పాతబడుతుంది.

రీడ్‌మీ యార్డు గేటు దగ్గరి బోర్డు లాంటిది. అక్కడ ఒక్కో బస్తా సంగతి ఎవరు రాస్తారు? నేర్పుతూ పోయే పొడుగాటి పాఠాలు డాక్స్ ఫోల్డర్‌కి. బయటివాళ్ళు కోడ్ ఎలా పంపాలో చెప్పే, ఆ లైబ్రరీ వాళ్ళ కాంట్రిబ్యూటింగ్ ఫైలు కూడా ముందే చదువు, ఒక్కో ఇంటికి ఒక్కో ఆచారం. కోడ్ మార్చి, కలుపుకోమని పంపే పుల్ రిక్వెస్ట్‌లోనే వివరణా మార్చు, రేపటికి వదలకు.

ఇప్పుడు అందరూ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళండి. పైథాన్‌లో స్టాటిస్టిక్స్ మాడ్యూల్ తెచ్చుకుని, మీడియన్ మీద హెల్ప్ అడగండి. నాలుగు మాటలు, చిన్న ఉదాహరణ కనిపిస్తాయి. తర్వాత ఆ మాడ్యూల్ ఫైలే తెరిచి మీడియన్ దాకా దిగండి. డెఫ్ కింద అవే మాటలు కనిపించగానే నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య,
గుంటూరు