బెజవాడ ఇంటి పన్ను, కార్పొరేషన్ ఖజానా: అపోహలు - వాస్తవాలు

ఇంటి పన్ను లెక్కలు, మున్సిపల్ ఖాతాల ఆడిట్ మా ఆఫీసు పని. గవర్నర్‌పేటలో ఉంటాం కాబట్టి వచ్చేవాళ్లలో బెజవాడ వాళ్లే ఎక్కువ, గుంటూరు వాళ్లూ తగలుతుంటారు. చేతిలో డిమాండ్ నోటీసు ఉంటుంది, అడిగేది మాత్రం ఒకటే: "ఇంత కడుతున్నాం, డబ్బంతా ఎటు పోతోందండీ?" అడగాల్సిన ప్రశ్నే. ఆ వెంటనే చెప్పే కారణాల్లోనే సగానికి సగం తప్పు.

అపోహ: ఏటా 15 శాతం చొప్పున పన్ను పెరుగుతూనే ఉంటుంది, దానికి అంతు లేదు.

15 శాతం అనేది పెంపు మీద పెట్టిన పరిమితి. 2020లో చట్టం మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా పన్ను లెక్క కడుతున్నారు. అంతకుముందు ఇళ్లకి 2002 నాటి అద్దె లెక్కలే నడిచాయి. కొత్త లెక్క ఒక్కసారిగా మీద పడితే జనం తట్టుకోలేరు కాబట్టి, పాత అసెస్‌మెంట్లకి ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని గీత గీశారు.

ఒక లెక్క వేసి చూద్దాం. పటమటలో ఒక పాత ఫ్లాటుకి అర్ధ సంవత్సరం పన్ను 2,000 రూపాయలు అనుకోండి. కొత్త పద్ధతిలో 4,000 తేలింది. మొదటి ఏడు 2,300 వస్తుంది. ఆ తర్వాత 2,645, తర్వాత 3,042, 3,498. అయిదో ఏట 4,000 దగ్గర ఆగుతుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు పెంచి మళ్లీ లెక్క కడితే ఆ 4,000 కూడా పైకి జరుగుతుంది, అది వేరే కథ. అదే వీధిలో కొత్తగా కట్టిన ఫ్లాటుకి ఈ మెట్లేమీ ఉండవు, మొదటి బిల్లే పూర్తి పన్నుతో వస్తుంది. "పక్కవాళ్లకి తక్కువ, మాకెందుకు ఎక్కువ?" అని తగువు పెట్టుకునేవాళ్లలో చాలామంది విషయం ఇదే. ఇందులో లంచమూ లేదు, పలుకుబడీ లేదు. కానీ కొత్తగా ఇల్లు కొన్నవాడికి ఇది అన్యాయంగా కనిపిస్తుందంటే నేను కాదనను.

ఈ మార్పు కార్పొరేషన్ ఆఫీసులో పుట్టింది కాదు. కోవిడ్ ఏడాది రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. పట్టణ స్థానిక సంస్థల సంస్కరణ చేస్తే రాష్ట్ర జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం మేర అదనపు అప్పుకి అనుమతి. దాన్ని ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ ఉన్నాయి. కాబట్టి నోటీసు పట్టుకుని వార్డు సచివాలయంలో అడ్మిన్ సెక్రటరీ మీద అరిచి లాభం లేదు. ఆ అబ్బాయి చేతిలో ఉన్నది ప్రింటు తీయడం వరకే.

అపోహ: కోట్లు కోట్లు గ్రాంట్లు వస్తున్నాయి, మా సందుకి సిమెంటు రోడ్డు వేయడానికి మాత్రం ఉండవు.

పేపర్లో వచ్చే అంకెలు నిజమే. అయితే ఆ కోట్లకి ముందే పేరు రాసి పెడతారు. కూతురి పెళ్లికని వేసిన చిట్టీ పాట డబ్బుతో ఇంటికి రంగులు వేయించుకోలేం కదా, అలాంటిదే ఇది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లే చూడండి. పది లక్షల జనాభా దాటిన నగర సముదాయాల్లో విజయవాడ ఉంది. ఆ కోవలోని నగరాలకి కేటాయించిన మొత్తంలో సుమారు మూడో వంతు గాలి నాణ్యత కోసం, మిగతాది మంచినీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ కోసం. అది కూడా పనితీరు చూసి ఇచ్చేది. గుంటూరు ఆ జాబితాలో లేదు. అక్కడ 60 శాతం నీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడి ఉంటుంది, 40 శాతం మాత్రం స్థానిక అవసరాలకి వాడుకోవచ్చు, దాంట్లోంచి జీతాలు ఇవ్వకూడదు. పట్టణాలకి కేంద్రం పెట్టిన అమృత్ పథకం డబ్బు ప్రధానంగా నీళ్లకీ డ్రైనేజీకీ. మీ సందులో గుంతకి అందులో ఖాతా లేదు.

గుంత పూడ్చాలంటే సొంత ఆదాయం కావాలి. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, కుళాయి చార్జీలు, ప్లాన్ ఫీజులు, షాపుల అద్దెలు, ఇవీ ఆ ఆదాయం. అందులోంచే పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, నీళ్లు ఎక్కించే మోటార్ల కరెంటు బిల్లులు, వీధి దీపాల ఖర్చు వెళ్లాలి. మిగిలినదే మీ రోడ్డు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. మీరు 60 లక్షల విలువకి ఫ్లాటు రిజిస్టర్ చేయిస్తే స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతంతో పాటు 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కడతారు. అంటే 90,000. అది స్థానిక సంస్థకి చెందాల్సిన సొమ్ము. వసూలు చేసేది రిజిస్ట్రేషన్ శాఖ. కార్పొరేటర్‌ని "రోడ్డెప్పుడు?" అని అడిగేవాళ్లు "మన ట్రాన్స్‌ఫర్ డ్యూటీ వాటా ఎంతవరకు జమైంది?" అని కూడా అడిగితే సమావేశాలు కాస్త రక్తి కడతాయి.

అపోహ: స్మార్ట్ సిటీ డబ్బులు బెజవాడ తినేసింది.

విజయవాడ అసలు స్మార్ట్ సిటీలుగా కేంద్రం ఎంచుకున్న వంద నగరాల జాబితాలోనే లేదు. మన రాష్ట్రం నుంచి ఉన్నవి విశాఖపట్నం, తిరుపతి, కాకినాడ, అమరావతి.

అపోహ: అమరావతికి పోసే డబ్బులో కొంచెం ఇటు మళ్లిస్తే మన ఊరు బాగుపడుతుంది.

కోరిక బాగానే ఉంది. ప్రపంచ బ్యాంకు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) చెరో 80 కోట్ల డాలర్ల దాకా అప్పు ఇస్తున్నది అమరావతి నిర్మాణానికి, ఒప్పందంలో రాసుకున్న పనులకి. కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో ఇచ్చే 11,000 కోట్లూ అంతే. రాజధాని కట్టే సంస్థ సీఆర్‌డీఏ ఖాతా వేరు, కార్పొరేషన్ ఖాతా వేరు.

అపోహ: ఇంటి పన్ను కడుతున్నాం కాబట్టి ఇల్లు రెగ్యులర్ అయినట్టే.

ఇది మాత్రం ఖరీదైన అపోహ. ప్లాన్ లేకుండా కట్టినా, పైన అంతస్తు వేసుకున్నా పన్ను వేస్తారు. అదనంగా జరిమానా కూడా వేస్తారు: సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఉల్లంఘన పది శాతం లోపు ఉంటే పన్నులో 25 శాతం, అంతకు మించితే 50, పూర్తిగా అనుమతి లేకపోతే 100 శాతం. ఏళ్లకేళ్లు రెట్టింపు పన్ను కట్టినా ఆ అంతస్తుకి చట్టబద్ధత రాదు. పన్ను రసీదు యాజమాన్య హక్కు పత్రం కూడా కాదు. అన్నదమ్ముల పంపకాల్లో రసీదుల కట్ట తెచ్చి "నా పేరు మీదే వస్తోంది చూడండి" అనేవాళ్లకి ఎంత చెప్పినా నచ్చదు.

అపోహ: 2024 వరద పూర్తిగా కార్పొరేషన్ చేతకానితనం.

కార్పొరేషన్‌ని వెనకేసుకు రావడం లేదు. వర్షపు నీటి కాలువల కోసం కేంద్రం దాదాపు పదేళ్ల కిందట 460 కోట్ల పైన ఇచ్చింది, ఆ పని ఎలా సాగిందో ఊరంతా చూసింది. అయితే సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌ని ముంచింది వీధి డ్రైను కాదు, బుడమేరు వాగు. బుడమేరు, వెలగలేరు రెగ్యులేటరు, అక్కణ్నుంచి కృష్ణలోకి నీళ్లు తీసుకెళ్లే డైవర్షన్ చానల్, ఇవన్నీ జలవనరుల శాఖవి. మర్నాటికల్లా ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున ఉంటే చానల్ నీళ్లు అందులోకి దిగడం కష్టం. బుడమేరు గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆ నీళ్లు ఊరి మీదకి వచ్చాయి. గట్టు పటిష్ఠం చేయాలని అర్జీ పెట్టాల్సింది ఇరిగేషన్ వాళ్లకి. లోపలికొచ్చిన నీళ్లు రోజుల తరబడి ఎందుకు బయటికి పోలేదు, కాలువల మీద ఇళ్లకి ప్లాన్లు ఎవరిచ్చారు అన్నవి కార్పొరేషన్‌ని అడగాల్సినవి. రెండూ ఒకే కాగితం మీద రాసి ఇస్తే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుని చూపిస్తుంది, అర్జీ అక్కడే ఆగిపోతుంది.

అపోహ: రైల్వే వాళ్లు పైసా కట్టరు.

రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్ర ఆస్తులకి పన్ను లేదు. కానీ కార్పొరేషన్ సేవలు వాడుకున్నంత మేర సర్వీసు చార్జీలు ఉన్నాయి: పన్నులో 75 శాతం, 50 శాతం లేదా మూడో వంతు. గట్టిగా వసూలు చేస్తున్నారా లేదా అనేది అడగదగ్గ ప్రశ్న.

చెత్త పన్ను సంగతి కూడా అడుగుతున్నారు. 2024 చివర్లో రద్దయింది. చెత్త బండి మాత్రం రోజూ రావాలి కదా, ఆ డీజిలు ఇప్పుడు మామూలు నిధుల్లోంచి పోస్తున్నారు.

నోటీసులో ఒక చిన్న గడి ఉంటుంది, లైబ్రరీ సెస్ అని. పన్నులో రూపాయికి 8 పైసలు. అది కార్పొరేషన్‌ది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. 1911లోనే రామ్మోహన్ లైబ్రరీ పెట్టుకున్న ఊళ్లో ఆ గడి వైపు చూసేవాళ్లే కనబడరు.

ఇక కట్టే విషయం. ఆ ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గుతుంది. ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ. వడ్డీ మాఫీ పథకం ఎప్పుడో వస్తుందని బకాయి పెట్టుకుని కూర్చోవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. కట్టే ముందు నోటీసులో కొలత, అంతస్తు, వాడకం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. కింద షట్టరు మూసేసి నాలుగేళ్లయినా కమర్షియల్‌గానే పన్ను వస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. దానికి రివిజన్ పిటిషన్ పెట్టాలి, అది కూడా నోటీసులో రాసిన గడువు లోపల.