పట్టా భూమి చెరువులో ఎందుకుంది: తెలంగాణ పీఠభూమి నేపథ్యం

2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన నాటి నుంచి హైదరాబాద్ చెరువుల హద్దుల మీద జరుగుతున్న వాదనలో ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తున్నది. పట్టా ఉన్న భూమి చెరువులోకి ఎలా వస్తుంది? జీవితకాలపు సంపాదనతో ఇల్లు కట్టుకున్నవారు అడుగుతున్న ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి జవాబు రెవెన్యూ రికార్డుల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఈ నేల కింది రాతిలోనూ, ఆ రాతి మీద ఊళ్లు వెలసిన తీరులోనూ ఉన్నది.

తెలంగాణలో అధిక భాగానికి అడుగున ఉన్నవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ శిలలు. వాటిలో నీరు నిలిచేది పైన చివికిన పొరలోనూ, పగుళ్లలోనూ మాత్రమే. ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్ర చల్క, దుబ్బ నేలలు తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. ఏడాది వానలో అధిక భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురిసి పోతుంది. గోదావరి, కృష్ణ రెండూ ఈ నేల మీదుగానే వెళ్తున్నా, చాలాచోట్ల చుట్టూ ఉన్న మట్టానికి బాగా కింద పారతాయి. అవే నదులు కోస్తాకు చేరాక ఒండ్రును పరచి డెల్టాలు కట్టాయి కనుక, ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు 1850లలో పూర్తికాగానే నీరు కాలువల వెంట తనంతట తానే పొలాలకు చేరింది. పీఠభూమి రైతుకు ఆ వీలు లేదు. అతనికి దక్కింది వాలు ఒక్కటే.

తొలి నివాసులు ఇక్కడ వ్యవసాయం కన్నా పశువుల మీదే ఎక్కువగా ఆధారపడినట్లు కనిపిస్తుంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో 1957లో జరిగిన తవ్వకాల్లో నవీన శిలాయుగపు బూడిద దిబ్బ బయటపడింది. అది పేడ కుప్పలు మళ్లీ మళ్లీ కాలి ఏర్పడిన పశువుల దొడ్డి, అందులో గిట్టల ముద్రలు కూడా ఉన్నాయి. శాతవాహనుల నాటి కోటిలింగాల గోదావరి ఒడ్డునే వెలసింది. నదికి దూరంగా, రాతి మెరక మీద వరి పండించే ఊళ్లు విస్తరించడానికి చెరువే ఆధారమైంది.

ఆ పనిని కాకతీయులు రాజ్యవిధానంగా మార్చారు. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి, అంటే కొడుకును కనడంతో సమానమైన పుణ్యం. కట్టించినవారికి, కాపాడేవారికి దశబంధ మాన్యం, అంటే ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చే భూమి దక్కేది. గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దిలో, రామప్ప, పాకాల వంటి పెద్ద చెరువులు వెలిశాయి. పాకాలను చూసినవారికి ఆ కాలపు స్థపతుల చూపు అర్థమవుతుంది. గుట్టల నడుమ ఖాళీని ఒక కట్టతో మూస్తే చాలు, మిగతా గట్టంతా కొండలే. కానీ నా దృష్టిలో అంతకన్నా గొప్పవి ఊరూరా ఉన్న చిన్న చెరువుల గొలుసులు. పై చెరువు మత్తడి (అలుగు) దూకిన నీరు వాగుగా సాగి కింది చెరువును నింపుతుంది, అది నిండితే ఆ తరువాతిది. ఏ ఒక్క చెరువూ తనంతట తాను పూర్తి కాదు.

భూమి వినియోగం కూడా ఈ వాలును అనుసరించే స్థిరపడింది. కట్ట దిగువన తూము నీరు అందే ఆయకట్టు తరి భూమి, అక్కడ వరి. నీరెక్కని మెరక ఖుష్కి, అక్కడ జొన్న, ఆముదం. మడి మడికీ వంతు ప్రకారం నీరు వదిలే బాధ్యత నీరటికానిది. కట్టకు ఎగువన, నీరు నిండినప్పుడు మునిగి, ఎండాకాలంలో తేలే నేల శిఖం. నీరు వెనక్కి తగ్గాక ఆ తడి నేలలో పంట వేసుకునే హక్కు కొందరు రైతులకు పట్టాగా ఉండేది. నేటి వివాదానికి మూలం సరిగ్గా ఇక్కడే ఉన్నది. ఆ పట్టా ఎండిన నెలల్లో సాగుకు ఇచ్చిన హక్కే గాని, నీటిని తరిమి ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చినది కాదు. నగరం విస్తరించి, సాగు ఆగి, భూమి గజాల లెక్కన చేతులు మారినప్పుడు ఆ షరతు కాగితం మీదనే మిగిలిపోయింది. తెలియక కొన్నవారి బాధ నిజం, అమ్మినవారి, అనుమతులిచ్చినవారి బాధ్యత అంతకన్నా నిజం.

పల్లెల్లో చెరువు వెనకబడటానికి కారణం వేరు. బోర్లు వచ్చాక నీరు ఊరి ఉమ్మడి వ్యవహారం నుంచి ఎవరి పొలంలో వారి వ్యవహారంగా మారింది. కట్టలకు మరమ్మతులు తప్పాయి, పూడిక పేరుకుంది. 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయను చేపట్టవలసి వచ్చింది అందుకే.

ప్రస్తుత నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీ స్థలంగా వదలాలి. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు, పాతబస్తీ వైపు పల్లె చెరువు తెగి ఇళ్ల మీద పడినప్పుడు నీరు తన పాత దారినే వెతుక్కున్నది. చెరువు చుట్టూ గీత గీయడంతో పాటు ఒక చెరువు మత్తడి నుంచి మరో చెరువు దాకా ఉన్న వాగునూ, కాలువనూ సర్వే చేసి గుర్తించవలసి ఉన్నది. ఒకప్పుడు హుస్సేన్‌సాగర్‌ను నింపిన కూకట్‌పల్లి వాగును, బల్కాపూర్ కాలువను ఇప్పుడు నగరం నాలాలుగానే ఎరుగును.